స్టార్ల చార్టు చింపేస్తున్నాడు, ఏం చేయను?

ఈ నెల ఉత్తరాలు తెరిచి చూస్తే చాలావాటిలో ఒకటే సంగతి. మూడు నుంచి ఆరేళ్ళ లోపు ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, వాళ్ళ చేత పని చేయించడానికి ఇంట్లోనూ బడిలోనూ పెట్టే తాయిలాలు, స్టిక్కర్లు, స్టార్లు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలు కాస్త కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు. ఆటిజం అని ఏడాది క్రితం చెప్పారు. మాటలు అయిదారు వచ్చు. పొద్దున్నే బ్రష్ చేయించడం, బట్టలు వేయడం, చెప్పులు తొడగడం, ప్రతిదానికీ యుద్ధమే. ఎవరో చెబితే ఫ్రిజ్ మీద స్టార్ల చార్టు అంటించాను. వారంలో ఇరవై స్టార్లు వస్తే ఆదివారం బొమ్మ కారు కొంటామని చెప్పాం. మొదటి రోజు ఊరికే చూశాడు, రెండో రోజు చింపి నోట్లో పెట్టుకున్నాడు. వీడికి దేని మీదా ఇష్టం లేదు, ఇలాంటివి వీడి దగ్గర పని చేయవు అంటున్నారు మా ఇంట్లో. నిజమేనా?
- ఓ తల్లి, తెనాలి

జవాబు: నిజం కాదమ్మా. ఇష్టాలు లేని పిల్లవాడిని ఇన్నేళ్ళలో నేను ఒక్కడిని కూడా చూడలేదు. లోపం ఆ చార్టులో ఉంది. ఆదివారం ఎప్పుడొస్తుందో నాలుగేళ్ళ పిల్లలెవరికీ సరిగ్గా తెలియదు, మాటలు ఇంకా కుదురుకోని పిల్లాడికి అసలే తెలియదు. సోమవారం పొద్దున చెప్పు వేసుకున్నందుకు ఆదివారం సాయంత్రం కారు వస్తే, ఆ చెప్పుకీ ఈ కారుకీ సంబంధం ఉందని అతనికి ఎలా తెలుస్తుంది? ఆ మధ్యలో ఎన్నిసార్లు తిన్నాడు, పడుకున్నాడు, ఏడ్చాడు, ఆడాడు. కారు చేతికొచ్చిన నిమిషంలో ఏం చేస్తుంటే దానికే వచ్చిందనుకుంటాడు.

ఇక స్టారు. అది కాగితం ముక్క. వంద రూపాయల నోటు విలువైనదని మనకి మాత్రం పుట్టుకతో తెలుసా, కొట్లో నోటు ఇస్తే బిస్కెట్ ప్యాకెట్ చేతికి రావడం చూశాకే కదా తెలిసింది. ఈ టోకెన్ల పద్ధతిని 1960లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉన్న పెద్దవాళ్ళ కోసం అయిలాన్, ఆజ్రిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక క్రమంలో పెట్టి నడిపించారు. అక్కడ కూడా టోకెన్ ఇచ్చి కావలసినది తీసుకునే వీలు ఉండబట్టే దానికి విలువ వచ్చింది. మీ బాబు ఇంతవరకు ఒక్క స్టారునైనా దేనితోనూ మార్చుకోలేదు. మరి చింపక ఏం చేస్తాడు?

కాబట్టి ముందు ఆ చార్టు తీసేయండి. ఒక మూడు రోజులు బాబుకి ఏ పనీ చెప్పకుండా ఉన్నప్పుడు, ఎవరూ పట్టించుకోనప్పుడు తనంతట తాను ఏం చేస్తున్నాడో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడతాడా, ఫ్యాను వంక చూస్తాడా, మీ గాజులు గలగలలాడిస్తాడా, దుప్పట్లో చుట్టి ఊపితే నవ్వుతాడా. మనం బహుమతి అనగానే బొమ్మలు, చాక్లెట్లు అనుకుంటాం కానీ ఈ పిల్లలకి చాలాసార్లు అవి కానే కావు. నా దగ్గరికి ఒక బాబు వచ్చేవాడు, బొమ్మ ఇస్తే విసిరేవాడు, చిప్స్ ఇస్తే వాసన చూసి కింద పెట్టేవాడు. ఒకరోజు వాళ్ళమ్మ టిఫిన్ డబ్బా తీస్తుంటే మూత జారి నేల మీద పడి గిరగిరా తిరిగింది. అంతే, ఆ పిల్లాడు బోర్లా పడుకుని చెంప గచ్చుకి ఆనించి, ఆ మూత తిరిగి తిరిగి టకటకమని ఆగేదాకా కదల్లేదు. ఆగగానే దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పటికి నాలుగు నెలలుగా వస్తున్నాడు, తనంతట తాను నా చేతికి ఒక వస్తువు ఇవ్వడం అదే మొదటిసారి. మర్నాటి నుంచి ఆ స్టీలు మూతే మా బహుమతి. పజిల్ ముక్క ఒకటి పెడితే మూత ఒకసారి తిరుగుతుంది. మూడో వారానికి అయిదు ముక్కలు పెట్టి మూత కోసం చూసేవాడు.

మీరు రాసుకున్నవాటిలో ఒక అయిదు తీసుకుని బాబు ముందు పెట్టండి. మొదట ఏది తీసుకుంటాడో చూసి, కాసేపు ఆడనిచ్చి, దాన్ని పక్కన పెట్టి మిగతా నాలుగూ చూపించండి. అలా చివరిదాకా వెళ్తే ఏది ఎంత ఇష్టమో వరుస తెలిసిపోతుంది. ఈ వరుస రోజూ ఒకేలా ఉండదు, నిన్నటి ఇష్టం ఇవాళ మొహం మొత్తొచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందు రెండు చూపించి ఏది కావాలో అతన్నే ఎంచుకోనివ్వండి. ఆ వస్తువు మిగతా సమయంలో అందుబాటులో ఉండకూడదు, రోజంతా దొరికేదాని కోసం ఎవరూ కష్టపడరు. ఒక జాగ్రత్త, ఇలా దాచేది అదనపు ముచ్చట్లనే. అన్నం, నీళ్ళు, నిద్ర, అమ్మ ఒడి, భయం వేస్తే పట్టుకునే పాత దుప్పటి, వీటిని బహుమతి కింద దాచి ఇవ్వకూడదు. అవి ఏ పనీ చేయకపోయినా పిల్లాడివే.

తర్వాత పని. బ్రష్, బట్టలు, చెప్పులు అన్నీ ఒకేసారి వద్దు. చెప్పులు ఒక్కటే తీసుకోండి. కాలు పెట్టించడం, మడమ సర్దడం అంతా మీరే చేసి, పైన అంటుకునే పట్టీని చివర్లో నొక్కడం ఒక్కటి అతనికి వదలండి. చెయ్యి పట్టుకుని నొక్కించినా సరే, నొక్కిన వెంటనే మూతో గాజులో ఊపడమో, ఏదైతే అది, రెండు మూడు సెకన్లలో అందాలి. మీరు లేచి వెళ్ళి అలమారలో వెతికి తెచ్చేలోపు ఆ ముడి తెగిపోతుంది, అందుకని ముందే కొంగులోనో జేబులోనో పెట్టుకోండి. పట్టీ తనే నొక్కుతున్నాడు అనుకున్నాక మడమ సర్దడం కూడా అతనికే వదలండి. ఇలా చివరి నుంచి మొదటికి వస్తే ప్రతిసారీ పని పూర్తి చేసింది తనే అవుతాడు.

ఇది కుదిరాక టోకెన్. పాత శుభలేఖ వెనక వైపు ఒకే ఒక్క గడి గీయండి. దర్జీ కొట్లో దొరికే వెల్క్రో ముక్క అంటించండి. మామూలుగా అయితే బొట్టుబిళ్ళలు, గుండీలు వాడమని చెప్తాను కానీ మీ బాబు నోట్లో పెట్టుకుంటున్నాడు కాబట్టి అవి వద్దే వద్దు, గొంతుకి అడ్డం పడే ప్రమాదం. అతని అరచేతిలో సగం ఉండే మందపాటి అట్ట ముక్క చేయండి. పట్టీ నొక్కాడు, అట్ట ముక్క గడిలో అంటించాడు, వెంటనే అది మీకిచ్చాడు, మూత తిరిగింది. ఒక వారం పది రోజులు ఒక్క గడే. తర్వాత రెండు గడులు, అందులో ఒకటి మీరే ముందుగా నింపి ఇవ్వండి. అయిదు దాకా వెళ్తే ఈ వయసుకి చాలా ఎక్కువ. సంపాదించుకున్న ముక్కని కోపం వచ్చి వెనక్కి లాక్కోవద్దు. ఏ తప్పు చేసినా సరే, అది అతనిదే.

ఇచ్చేటప్పుడు "గుడ్ బాయ్" అనకండి, ఏం చేశాడో అది చెప్పండి. "చెప్పు వేసుకున్నావు!" అంతే. కొంతమంది ఆటిజం పిల్లలకి గట్టిగా చప్పట్లు కొడితే చెవులు మూసుకునేంత బాధ, మెప్పే శిక్ష అయిపోతుంది, మీ బాబు మొహం చూస్తే మీకే తెలుస్తుంది. ఇంకొక్క మాట. కాగితం నమలడం రోజూ ఉంటే మీ ఆక్యుపేషనల్ థెరపిస్టుకి (రోజువారీ పనులు నేర్పే థెరపిస్టు) చెప్పండి, కాగితంతో పాటు మట్టి, సున్నం లాంటివి కూడా తింటుంటే పిల్లల డాక్టరుకి చూపించి రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించండి.

ప్రశ్న: మా మనవరాలికి మూడున్నరేళ్ళు. ఎదుగుదల ఆలస్యం అని థెరపీకి పంపుతున్నారు. మా కోడలు ప్రతి పనికీ పిల్లకి ఏదో ఒకటి ఇస్తుంది. కూర్చుంటే ఒకటి, కప్పు పట్టుకుంటే ఒకటి. ఇది లంచం మరిగించడం కాదా? నేను నలుగురిని పెంచాను, ఎవరికీ ఇలా ఇచ్చి ఎరగను. నా మాట పట్టించుకోవడం లేదు, మీరైనా చెప్పండి.
- ఓ నానమ్మ, రాజమండ్రి

జవాబు: అమ్మగారూ, మీరు ఇవ్వలేదంటే నేను ఒప్పుకోను. ఆ నలుగురికీ చందమామను చూపించి ముద్ద పెట్టలేదా? ఈ ముద్ద తింటే కాకి కథ చెప్తానని, స్నానం చేసి వస్తే గుడికి తీసుకెళ్తానని అనలేదా? ముందు ఇది, తర్వాత అది. ఇష్టంలేని పని వెనకాల ఇష్టమైన పని వస్తుందని తెలిస్తే మొదటిది చేయడం పెరుగుతుందని ప్రీమాక్ అనే సైకాలజిస్టు 1959లో రాశాడు, దాన్ని అమెరికాలో "అమ్మమ్మ సూత్రం" అనే పిలుస్తారు. మీ చేతుల్లో ఉన్నదే.

లంచం వేరు. కిరాణా కొట్టు ముందు పాప నేల మీద పడి దొర్లుతోంది, నలుగురూ చూస్తున్నారు, పరువు పోతోందని చాక్లెట్ కొని నోట్లో పెట్టేశాం. అది లంచం. పాప నేర్చుకున్నది, దొర్లితే చాక్లెట్ వస్తుందని. అదే ఇంటి దగ్గర బయల్దేరే ముందే "చిన్న సంచి నువ్వు పట్టుకుని నడువు, కొట్టు నుంచి బయటికి రాగానే నిన్ను ఎత్తుకుని గిర్రున తిప్పుతా" అని చెప్పి, పట్టుకున్నాక తిప్పితే అది కష్టానికి దక్కిన ఫలితం. ఇచ్చే వస్తువు ఒకటే అయినా ఎప్పుడు మాట ఇచ్చాం, దేని తర్వాత ఇచ్చాం అన్నదాన్ని బట్టి పేరు మారిపోతుంది.

మీ నలుగురు పిల్లలకీ కప్పు పట్టుకోవడం అంత కష్టం కాలేదు. పట్టుకున్నారు, పాలు నోట్లోకి వచ్చాయి, అదే వాళ్ళ బహుమతి. మనవరాలికి ఆ వేళ్ళు ముడవడానికి, కప్పు వంచకుండా నోటిదాకా తేవడానికి ఎన్ని రెట్లు శ్రమ పడుతుందో ఒకసారి దగ్గర కూర్చుని చూడండి, చిన్న చెయ్యి వణుకుతుంది, పెదవి బిగబట్టుకుంటుంది, సగం పాలు గౌను మీదే పోతాయి. ఆ పాల రుచి ఒక్కటే ఆ శ్రమకి చాలదు. పట్టుకోవడం సులువయ్యేదాకా మీ కోడలు కొంచెం కలిపి ఇస్తోంది, సులువయ్యాక ఆ కలిపింది తీసేస్తుంది. తీసేయాలి కూడా, అది ఆమెకి థెరపిస్టు చెప్పే ఉంటారు.

మీ నుంచి ఒక్క సాయం కావాలి. పాప ఏడుస్తుంటే మీ మనసు ఆగదు, వంటింట్లోంచి ఏదో తెచ్చి పెట్టేస్తారు, ప్రేమే అది, నాకు తెలుసు. కానీ అమ్మ "కప్పు పట్టుకున్నాక" అన్నది నానమ్మ ముందే ఇచ్చేస్తే పాప ఎవరి మాట నమ్మాలి? ఇవ్వడం ఆపిన మొదటి రోజుల్లో ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. అప్పుడు మూడో రోజున మెత్తబడి ఇచ్చేశారంటే, ఇంకా గట్టిగా ఏడవాలని మనమే నేర్పినట్టు. ఆ నాలుగు రోజులూ పాపని ఒళ్ళో పెట్టుకోండి, వీపు నిమరండి, అది ఎంతైనా చేయొచ్చు. తినేది మాత్రం కోడలు చెప్పిన తర్వాతే. వీలైతే కాకి కథ మీరే చెప్పండి, కప్పు పట్టుకున్నందుకు నానమ్మ కథ దొరకడం కంటే మంచి తాయిలం నాకు తట్టడం లేదు.

ప్రశ్న: మా పాపకి అయిదేళ్ళు, డౌన్ సిండ్రోమ్. చాలా చలాకీ పిల్ల. చిన్నప్పటి నుంచి ప్రతిదానికీ చాక్లెట్ ఇచ్చి చేయించాం. ఇప్పుడు చాక్లెట్ లేనిదే ఏదీ చేయదు, బరువు పెరిగింది, రెండు పళ్ళు పుచ్చాయి. చాక్లెట్ మానేసి సెల్‌ఫోన్ ఇస్తే అదొక తలనొప్పి, తిరిగి తీసుకుంటే గంట పేచీ. నేను రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తాను, రోజంతా వాళ్ళమ్మ ఒక్కతే పడుతోంది.
- ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: చాక్లెట్‌తో మొదలుపెట్టినందుకు బాధపడకండి, చాలా ఇళ్ళలో అలాగే మొదలవుతుంది. అక్కడే ఆగిపోవడం వల్ల ఈ ఇబ్బంది వచ్చింది.

ముందు ఒక పరీక్ష సంగతి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో థైరాయిడ్ తక్కువగా పనిచేయడం మామూలు పిల్లల్లో కంటే చాలా ఎక్కువ, ఏడాదికోసారైనా చూపించాలి. బరువు పెరగడం, మందకొడిగా ఉండటం, పని ఎగ్గొట్టడం అన్నీ చాక్లెట్ మీదే వేసేయకండి. అలాగే చెవులు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం వీళ్ళలో తరచూ జరుగుతుంది, సగం వినిపించని పిల్లని మొండి అనుకుంటాం. ఈ రెండూ ఈ నెలలోనే చేయించండి.

చాక్లెట్‌ని ఒక్కసారిగా ఆపకండి, ముక్క చిన్నది చేయండి. గోరంత. ఇచ్చే ప్రతిసారీ దానికి ముందు ఒక నవ్వు, చెయ్యి కలిపి కొట్టడం, ఏం చేసిందో ఆ మాట. ఒక వారం అయ్యాక రెండుసార్లకి ఒకసారి ముక్క, మిగతాసారి నవ్వూ చెయ్యీ. ఆ తర్వాత ఎప్పుడొస్తుందో తెలియకుండా, మూడోసారి ఒకసారి, అయిదోసారి ఒకసారి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చాలామందికి మనుషులంటే ఇష్టం, పాటంటే, డ్యాన్సంటే, నలుగురూ తనని చూసి నవ్వితే ఇష్టం. మీరు చలాకీ పిల్ల అని రాశారు కాబట్టి మీ పాపకీ అవి పని చేస్తాయనే నా నమ్మకం. పుస్తకాలు సర్దాక ఇష్టమైన పాట ఒక చరణం, అమ్మతో కలిసి డ్యాన్సు. బొట్టుబిళ్ళల అట్ట పాప చేతికిచ్చి పని అయ్యాక ఒకటి తీసి అమ్మ నుదుటనో చేతి మీదనో అంటించనివ్వండి, ఆ వేళ్ళకి కూడా మంచి వ్యాయామం. తినేదే ఇవ్వాలంటే మెత్తటి పండు ముక్క, కొన్ని మరమరాలు. వేరుశనగ గింజలు, గట్టి బఠాణీలు, ద్రాక్ష కాయ కాయగా ఇవ్వకండి. నమలడం బలంగా లేని పిల్లలకి గొంతులో పడతాయి.

ఫోన్ విషయంలో నా అభిప్రాయం గట్టిది. బహుమతిగా ఫోన్ వద్దు. అది మిగతా ఇష్టాలన్నిటినీ మింగేస్తుంది, తిరిగి తీసుకునేటప్పుడు వచ్చే పేచీతో చేసిన మంచి పని గుర్తు కూడా ఉండదు. రెండేళ్ళు దాటి అయిదేళ్ళ లోపు ఉన్న పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట దాటకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చూసే ఆ కాసేపూ రోజూ ఒకే వేళకి, పనితో సంబంధం లేకుండా చూడనివ్వండి.

రాత్రి ఎనిమిదికి వస్తానన్నారు. పొద్దున పాప ఎప్పటికి లేస్తుంది? ఆ అరగంటలో ఒక పని మీరు తీసుకోండి, పళ్ళు తోమించడం అనుకోండి, తోముకున్నాక భుజాల మీద ఎక్కించుకుని వీధి చివరిదాకా ఒక తిప్పు. నాన్న భుజం ఏ కొట్లోనూ దొరకదు. రోజులో ఒక యుద్ధమైనా వాళ్ళమ్మకి తగ్గుతుంది.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్‌లో ఇరవై మంది పిల్లలు. ఒక బాబు, నాలుగేళ్ళు, అయిదు నిమిషాలు కూర్చోడు, పక్కవాళ్ళని తోస్తాడు, పేరు పిలిస్తే పలకడు. వాడు కూర్చున్నప్పుడు స్టిక్కర్ ఇస్తే మాకేదీ అని మిగతా పిల్లలు గోల. అందరికీ ఇస్తే లెక్క లేకుండా పోతోంది, ఇప్పుడు బొమ్మలకి రంగులు వేసినా స్టిక్కర్ అడుగుతున్నారు. స్టిక్కర్లు నా డబ్బులతో కొంటున్నాను.
- ఓ అంగన్‌వాడీ టీచర్, నల్లగొండ జిల్లా

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇరవై మందిలో ఆ ఒక్క బాబు కూర్చున్న క్షణం మీకు కనిపించింది చూశారా, అది చాలామందికి కనిపించదు, తోసినప్పుడే కనిపిస్తాడు.

రంగుల సంగతి ముందు చెప్తాను. రంగులు వేయడం పిల్లలకి దానంతట అదే ఇష్టం. 1973లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత మామూలుగా ఆడుకునే వేళ చూస్తే, ఆ పిల్లలు మిగతావాళ్ళు గీసినదాంట్లో దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అందుకని ఇష్టంగా చేసే పనికి స్టిక్కర్ ఆపేయండి, రెండు రోజులు అడుగుతారు, మళ్ళీ మామూలే. బహుమతి కష్టమైన పనికే. ఎవరికి ఏది కష్టమో అది వేరు వేరు, ఈ మాట పిల్లలకి మీరు చెప్తే అర్థమవుతుంది, "వాడు కూర్చోవడం నేర్చుకుంటున్నాడు, నువ్వు బటన్ పెట్టుకోవడం నేర్చుకుంటున్నావు" అని.

ఆ బాబు కోసం మీ డబ్బులతో స్టిక్కర్లు అక్కర్లేదు. అతను సంపాదించేది అందరికీ అందేలా చేయండి. పాట జరుగుతున్నంతసేపు, ఒక నిమిషమే అనుకోండి, చాప మీద కూర్చున్నాడు, "మనవాడు కూర్చున్నాడు, అందరికీ రైలాట!" అనండి. అప్పుడు మిగతా పందొమ్మిది మందీ అతని వైపు ఉంటారు, ఇంతవరకు వాణ్ణి చూసి పక్కకి జరిగినవాళ్ళే చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు. కానీ దీన్ని తిరగేసి మాత్రం వాడొద్దు. "వాడు కూర్చోలేదు కాబట్టి మీకు ఆట లేదు" అన్న మాట ఒక్కసారి మీ నోటి నుంచి వచ్చినా ఆ బాబు ఆ ఊళ్ళో అందరికీ శత్రువైపోతాడు. కూర్చోకపోతే ఆట మామూలు వేళకి మామూలుగా జరగాలి.

అతన్ని కూర్చోబెట్టే సమయం కూడా అతని కొలత ప్రకారమే. ఇప్పుడు నిజంగా ఎంతసేపు కూర్చోగలడో రెండు రోజులు గడియారం చూసి కొలవండి. నలభై సెకన్లే అయితే ముప్పై సెకన్ల దగ్గరే మెచ్చుకుని లేపేయండి, లేచి మంచినీళ్ళ గ్లాసులు పంచే పని ఇవ్వండి, కదలాలనే కోరిక తీరుతుంది, పనీ అవుతుంది. తోసినప్పుడు పెద్ద గొంతుతో తిట్టడం కూడా కొందరికి బహుమతే, అందరూ తన వైపు చూస్తారు కదా. మాట తక్కువగా, చెయ్యి పట్టి పక్కకి తీసుకురండి చాలు.

పేరు పిలిస్తే పలకడం లేదన్నారు. ఇది వదిలేయకండి. పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం మీ సెంటర్‌కి ఏడాదికి రెండుసార్లు వస్తుంది, వాళ్ళు వచ్చేదాకా ఆగకుండా ఏఎన్ఎంకి, సూపర్‌వైజర్‌కి చెప్పి జిల్లా ఆసుపత్రి ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి పంపించండి. వినికిడి పరీక్ష మొదట. అంగన్‌వాడీల్లో దివ్యాంగ పిల్లల కోసం కేంద్రం 2023 నవంబరులో ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్ తెచ్చింది, గుర్తించడం, కలుపుకుని నేర్పడం, పై వైద్యానికి పంపడం అందులో భాగమే, మీ శిక్షణలో దాని గురించి అడిగే హక్కు మీకుంది. ఆ తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు "మీవాడికి ఏదో ఉంది" అని మొదలుపెట్టకుండా, వాడు కూర్చున్న ఆ ముప్పై సెకన్ల గురించి ముందు చెప్పండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. బాబుకి మూడున్నర, మాటలు ఆలస్యం. ప్రీస్కూల్లో గోడ మీద రంగుల చార్టు ఉంది, పొద్దున అందరి క్లిప్పులూ ఆకుపచ్చలో ఉంటాయి, అల్లరి చేస్తే ఎరుపులోకి దించుతారు. మా వాడిది దాదాపు రోజూ ఎరుపే. ఇంటికొచ్చి "రెడ్, రెడ్" అని ఏడుస్తున్నాడు. మాటలు వచ్చేదాకా ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడమని తెలిసినవాళ్ళు అంటున్నారు.
- ఓ తల్లి, టెక్సస్

జవాబు: ఆ చార్టు మీ వాడికి ఏమీ నేర్పడం లేదమ్మా. ఏం చేయకూడదో చెప్తోంది, అది కూడా అందరి ముందు, ఏం చేయాలో చెప్పడం లేదు. అడగడానికి మాట లేని పిల్లాడు బొమ్మ లాక్కుంటాడు, క్లిప్పు దిగుతుంది, మర్నాడు కూడా మాట ఉండదు కాబట్టి మళ్ళీ లాక్కుంటాడు. అతనికి కావలసింది "నాకు ఇవ్వు" అని చెయ్యి చాచడమో, బొమ్మ ఉన్న కార్డు ఇవ్వడమో నేర్పి, అలా అడిగినప్పుడల్లా వెంటనే ఆ బొమ్మ దక్కేలా చూడటం. అడిగితే దొరకడం, అంతకంటే సరైన బహుమతి లేదు.

మూడేళ్ళు నిండిన పిల్లలకి అర్హత ఉంటే ఉచితంగా ప్రత్యేక విద్య ఇవ్వాల్సిన బాధ్యత అక్కడి చట్టం ప్రకారం మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. ఐఈపీ, అంటే బాబు కోసం ప్రత్యేకంగా రాసే విద్యా ప్రణాళిక, లేకపోతే పరీక్షలు చేయమని రాతపూర్వకంగా అడగండి, ఈమెయిల్ చాలు, నోటిమాట వద్దు. ఇప్పటికే ఉంటే టెక్సస్‌లో దాన్ని నిర్ణయించేది తల్లిదండ్రులూ బడివాళ్ళూ కలిసి కూర్చునే ఏఆర్‌డీ కమిటీ, ఆ మీటింగ్ మళ్ళీ పెట్టమనండి, బాబు ప్రవర్తనకి కారణం ఏమిటో అంచనా వేయమని, క్లిప్పు చార్టు బదులు ఏం వాడతారో రాసి ఇవ్వమని అడగండి. మీరు ఆ కమిటీలో సభ్యులే, బయటివాళ్ళు కాదు.

తెలుగు మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల మాటల ఆలస్యం రాదు, ఉన్నది ముదరదు. మీకు ప్రేమ ఏ భాషలో వస్తుందో మెప్పు కూడా ఆ భాషలోనే వస్తుంది. ఇంటికొచ్చి "రెడ్" అని ఏడ్చినప్పుడు ఎందుకొచ్చిందని విచారణ పెట్టకుండా ఎత్తుకోండి, బడి ఎరుపుకి ఇంట్లో రెండోసారి శిక్ష ఉండకూడదు.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల కాళ్ళూచేతుల కదలిక దెబ్బతినడం). స్టాండింగ్ ఫ్రేమ్‌లో అరగంట నిలబెట్టమన్నారు. అయిదు నిమిషాలకే ఏడుపు. అయిపోయాక బొమ్మ ఇస్తామన్నా ఆగదు. ఏమిస్తే ఆగుతుంది?
- ఓ తల్లి, కర్నూలు

జవాబు: ముందు ఆ ఏడుపు నొప్పి వల్లనా అని చూడండి. పట్టీ కింద చర్మం ఎర్రగా కందిందా, బూటు మడమ దగ్గర ఒరుసుకుంటోందా, ఎప్పుడూ ఒకే కాలి వైపు చూపిస్తుందా. తుంటి ఎముక జారడం ఈ పిల్లల్లో ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే తీసి ఎన్నాళ్ళయిందో డాక్టరుని అడగండి. నొప్పికి బహుమతి మందు కాదు, నొప్పిని ఓర్చుకున్నందుకు బొమ్మ ఇవ్వడం పాపకి అన్యాయం.

నొప్పి లేదని తేలాక, బహుమతిని చివర నుంచి తెచ్చి మధ్యలో పెట్టండి. ఫ్రేమ్ ముందు బల్ల మీద పాపకి బాగా ఇష్టమైనది ఒకటి, ఆ ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు మాత్రమే దొరికేది పెట్టండి. నీళ్ళ గిన్నెలో పూలరేకులు, చపాతీ పిండి ముద్ద, అక్కతో ఆట. అరగంట ఒకేసారి కుదరకపోతే విడతలుగా చేయొచ్చా అని ఫిజియోథెరపిస్టుని అడగండి. ఏడుపు మొదలయ్యాక దించితే ఏడిస్తే దిగొచ్చని తెలుస్తుంది, అందుకని అయిదు నిమిషాలకి ఏడుస్తోందంటే నాలుగో నిమిషంలో, నవ్వుతూ ఉండగానే "నిలబడ్డావు!" అని దించేయండి, రెండు రోజులకి ఒక నిమిషం పెంచండి. పాట పెట్టేటప్పుడు ఏది కావాలో పాపనే అడగండి. చెయ్యి చూపించలేకపోతే రెండు బొమ్మలు చెరోవైపు పట్టుకుని కాస్త ఆగండి, కళ్ళు ఎటు వెళ్తే అదే పాట.